లాండ్రీ పాడ్స్‌తో బట్టలపై నీలి మరకలు: తప్పు పాడ్‌దా, మీ మెషిన్ సెట్టింగ్స్‌దా?

కొత్తగా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొన్నారు. దాంతోపాటే ఒక డబ్బా డిటర్జెంట్ పాడ్స్ కూడా తెచ్చుకున్నారు. పౌడర్ కొలిచే పని లేదు, లిక్విడ్ ఒలికిపోయే గొడవ లేదు. ఒక పాడ్ వేసి బటన్ నొక్కితే చాలు. మొదటి రెండు వాష్‌లు సూపర్. మూడోసారి తీసి చూస్తే తెల్ల షర్ట్ జేబు దగ్గర అరచేయంత నీలి మరక! పక్కనే చున్నీ మీద జిగురుగా, సాగుతూ ఏదో అంటుకుని ఉంది.

ఈ సీన్ ఇక్కడ కొంతమందికే తెలిసి ఉండొచ్చు కానీ, డల్లాస్‌లోనో చికాగోలోనో ఎంఎస్ చేస్తున్న మనవాళ్లకు చాలామందికి అనుభవమే. అక్కడ అపార్ట్‌మెంట్ లాండ్రీ రూమ్‌కి డబ్బా మోసుకెళ్లే బదులు రెండు పాడ్స్ కవర్లో వేసుకుని వెళ్లడమే తేలిక. ఇంటర్వ్యూకి దాచుకున్న ఒకే ఒక్క తెల్ల షర్ట్ మీద ముందురోజు రాత్రి మరక పడితే ఎలా ఉంటుందో వాళ్లనే అడగాలి.

ముందు షార్ట్‌గా సమాధానం చెప్పేస్తాం. ఖాళీ డ్రమ్‌లో ముందు పాడ్, దాని మీద బట్టలు, ఆ తర్వాతే నీళ్లు. పాడ్ తయారుచేసే కంపెనీలు డబ్బా మీద రాసేది కూడా ఇదే. ఈ ఒక్క అలవాటుతో చాలా మరకలు ఆగిపోతాయి. ఇది పాటిస్తున్నా మరకలు పడుతున్నాయంటే మాత్రం కారణం ఎక్కువసార్లు మెషిన్‌లోని ‘స్మార్ట్’ ఫీచర్లలోనే దొరుకుతుంది. గాడ్జెట్ల సైట్‌లో బట్టల గోల ఏంటి అనుకునేవాళ్లకు అదే మా జవాబు.

ఆ చిన్న సంచిలో ఏముంది?

పాడ్ అంటే ఒక సన్నటి ఫిల్మ్‌లో సీల్ చేసిన బాగా చిక్కటి డిటర్జెంట్. బరువు సుమారు 20 నుంచి 25 గ్రాములు. మామూలు లిక్విడ్ డిటర్జెంట్‌లో దాదాపు సగం నీళ్లే ఉంటాయి. పాడ్‌లో మాత్రం నీటి శాతం చాలా తక్కువ, 10 శాతం దరిదాపుల్లో ఉంటుంది. కారణం సింపుల్. బయటి ఫిల్మ్ నీళ్లలో కరిగేది కాబట్టి లోపలే నీళ్లు ఎక్కువైతే డబ్బాలో ఉండగానే కరిగిపోతుంది.

ఆ ఫిల్మ్ పేరు పాలీవినైల్ ఆల్కహాల్, పొట్టిగా పీవీఏ. చూడటానికి ప్లాస్టిక్ కవర్‌లా ఉంటుంది కానీ నీళ్లు తగిలితే ముందు ఉబ్బుతుంది, తర్వాత జిగురుగా మారుతుంది, ఆ తర్వాతే పూర్తిగా కరుగుతుంది. ఈ మూడు దశలు గుర్తుపెట్టుకోండి. చున్నీకి అంటుకున్న ఆ సాగే పదార్థం వేరే ఏదో కెమికల్ కాదు, రెండో దశలో ఆగిపోయిన ఫిల్మే.

ఇక నీలి రంగు సంగతి. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన విషయమే, పేరే మారింది. తెల్లబట్టలకు నీలిమందు పెట్టడం చూసే ఉంటారు కదా. బకెట్ నీళ్లలో నాలుగు చుక్కలు ఉజాలా వేసి, బాగా కలిపి, అప్పుడు పంచె ముంచుతారు. కలపకుండా చుక్కలు నేరుగా గుడ్డ మీద పడితే? అక్కడక్కడా నీలి మచ్చలు. ఆ చుక్కల్లో తప్పేమీ లేదు, బకెట్ మొత్తానికి వెళ్లాల్సింది ఒక్కచోటే దిగింది, అంతే.

పాడ్ మరక కూడా అచ్చం ఇలాంటిదే. నలభై యాభై లీటర్ల నీళ్లలో కలవాల్సిన డోసు మొత్తం ఒక మడతలో ఇరుక్కుని అక్కడే విడుదలైతే ఆ గుడ్డ దాన్ని పీల్చుకుంటుంది. అందులో రెండు రకాల రంగులు ఉండొచ్చు. ఒకటి, పాడ్ అందంగా కనిపించడానికి వేసే రంగు. చాలా కంపెనీలు దీనికి నీళ్లలో సులువుగా కొట్టుకుపోయే పాలిమర్ రంగులు వాడతాయి, కాబట్టి ఇది చాలాసార్లు వదిలిపోతుంది. రెండోది, తెలుపు మరింత తెల్లగా కనిపించడానికి కావాలనే గుడ్డకు అంటుకునేలా తయారుచేసిన నీలి, ఊదా ఛాయల రంగు. అంటే మోడర్న్ నీలిమందు. మొండిగా ఉండేది ఇదే. ఆరకముందే పని మొదలుపెట్టాలని చెప్పేది అందుకే.

కరగడానికి ఎందుకంత టైమ్?

‘నీళ్లలో వేయగానే కరిగిపోయే ఫిల్మ్ తయారు చేయొచ్చుగా?’ అనే డౌట్ రావడం సహజం. చేయొచ్చు. కానీ కావాలనే చేయడం లేదు. దీని వెనక ఒక సీరియస్ కథ ఉంది.

ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ 2012లో అమెరికాలో టైడ్ పాడ్స్ తెచ్చింది. నారింజ, నీలం, తెలుపు రంగుల్లో మెరిసే ఆ పాడ్స్ చిన్నపిల్లలకు అచ్చం చాక్లెట్‌లా, జెల్లీలా కనిపించాయి. నోట్లో పెట్టుకుని కొరికిన పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. లోపలి డిటర్జెంట్ అంత చిక్కటిది కావడంతో మామూలు సబ్బు నీళ్లు మింగినదానికంటే ప్రమాదం చాలా ఎక్కువ. 2013లో లోపలివి కనిపించని డబ్బాలు వచ్చాయి. 2015లో అమెరికా పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్, చిన్నపిల్లలున్న ఇళ్ల భద్రతను దృష్టిలో పెట్టుకుని అసలు పాడ్స్‌నే రికమెండ్ చేయడం ఆపేసింది. 2018 జనవరిలో టీనేజర్లు కెమెరా ముందు పాడ్స్ కొరికే పిచ్చి ఛాలెంజ్ గుర్తుండే ఉంటుంది. ఆ వీడియోలను యూట్యూబ్ తీసేయాల్సి వచ్చింది.

యూరోపియన్ యూనియన్ అయితే 2015లో నేరుగా రూల్ పెట్టింది. 20 డిగ్రీల నీళ్లలో వేసినా ఫిల్మ్ కనీసం 30 సెకన్లపాటు లోపలి లిక్విడ్‌ను బయటికి వదలకూడదు. 300 న్యూటన్ల ఒత్తిడిని తట్టుకోవాలి, అంటే సుమారు 30 కిలోల బరువు మోపినంత. ఫిల్మ్‌లో చేదు పదార్థం కలపాలి. పిల్లాడు నోట్లో పెట్టుకున్నా చేదుకి ఉమ్మేసేలోపు పాడ్ పగలకుండా ఉండాలన్నది ఉద్దేశం.

కాబట్టి పాడ్ కాస్త మొండిగా కరగడం తయారీ లోపం కాదు. సేఫ్టీ కోసం కావాలని పెట్టిన ఆలస్యం. ఆ ఆలస్యాన్ని మనం నీళ్లు, వేడి, కదలిక, సమయం ఇచ్చి భర్తీ చేయాలి. ఈ నాలుగింట్లో ఏది తగ్గినా మరక ఛాన్స్ పెరుగుతుంది.

వేడి విషయంలో మనం అదృష్టవంతులం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మేడ మీది ట్యాంక్ నీళ్లు మామూలు రోజుల్లోనే గోరువెచ్చగా వస్తాయి, మే నెల మధ్యాహ్నం అయితే చెయ్యి పెట్టలేం. అదే చికాగోలో జనవరిలో కుళాయి నీళ్లు 5 డిగ్రీల దరిదాపులకు పడిపోతాయి. అక్కడ ‘కోల్డ్’ వాష్ పెడితే పాడ్ రెండో దశలోనే, అంటే జిగురుగానే ఉండిపోవచ్చు. అమెరికా మెషిన్లలో ఇంకో మెలిక కూడా ఉంది. చాలా మోడల్స్‌లో ‘కోల్డ్’ అంటే కాస్త వేడి నీళ్లు కలిపిన చల్లటి నీళ్లు. ‘ట్యాప్ కోల్డ్’ అంటే కుళాయిలో ఎలా వస్తే అలా. చలికాలంలో పాడ్ వాడుతుంటే ‘ట్యాప్ కోల్డ్’ జోలికి వెళ్లకండి, బట్టల లేబుల్ ఒప్పుకుంటే ‘వార్మ్’ పెట్టండి.

మన దగ్గర అమ్మే ఫ్రంట్ లోడ్ మెషిన్లలో సాధారణంగా లోపలే హీటర్ ఉంటుంది కాబట్టి 30 లేదా 40 డిగ్రీలు సెలెక్ట్ చేస్తే సరిపోతుంది. టాప్ లోడ్‌లో చాలా మోడల్స్‌కి హీటర్ ఉండదు. డిసెంబర్‌లో తెల్లవారుజామున ఆదిలాబాద్‌లోనో అరకులోనో టాప్ లోడ్ వేస్తుంటే ఈ చల్లనీళ్ల సమస్య మీకూ వర్తిస్తుంది.

పాడ్ ఎక్కడ ఇరుక్కుంటుంది?

చాలామంది చేసే మొదటి పని పాడ్‌ను డిటర్జెంట్ ట్రేలో పెట్టడం. పౌడర్, లిక్విడ్ వేసేది అక్కడే కాబట్టి లాజిక్ కరెక్టే అనిపిస్తుంది. కానీ ఆ ట్రేలోకి వచ్చేది సన్నటి ధార, అదీ కొద్దిసేపే. పాడ్ కరగడానికి అది చాలదు. సగం కరిగి ట్రేకే అంటుకుంటుంది, కన్నం మూసుకుపోతుంది, మిగతాది చివరి రిన్స్ టైమ్‌లో ముద్దగా డ్రమ్‌లోకి జారుతుంది. కడగడం అయిపోయాక సబ్బు పడితే మరక పడక ఏమవుతుంది? మీ మెషిన్ మాన్యువల్‌లో పాడ్‌కి ప్రత్యేకంగా చోటు చూపిస్తే తప్ప ట్రే వద్దు.

రెండో పొరపాటు, బట్టలన్నీ కుక్కాక పైన పాడ్ పెట్టి డోర్ వేయడం. ఫ్రంట్ లోడ్‌లో బట్టలు నీళ్లలో మునగవు. అడుగున కొద్దిగా నీళ్లుంటాయి, డ్రమ్ తిరుగుతూ బట్టలను ఎత్తి మళ్లీ పడేస్తుంటుంది. డోర్ గ్లాస్‌కీ బట్టలకీ మధ్య ఇరుక్కున్న పాడ్‌కి నీళ్లు సరిగ్గా అందవు. అందుకే దాన్ని డ్రమ్ వెనక భాగంలో, అడుగున పెట్టాలి. రెండు పాడ్స్ అవసరమైతే ఒకదాని మీద ఒకటి కాకుండా విడివిడిగా పెట్టండి. టాప్ లోడ్‌లోనూ అంతే, ముందు అడుగున పాడ్.

మూడోది ఓవర్‌లోడ్. ఏడు కిలోల మెషిన్ అంటే ఏడు కిలోలూ కుక్కాలని కాదు. బట్టలు వేశాక పైన ఒక అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. బట్టలు దొర్లడానికి చోటు లేకపోతే పాడ్ పడ్డచోటే ఉంటుంది. దుప్పటి కవర్లు, బెడ్‌షీట్లు ఇంకా డేంజర్. అవి తిరిగేకొద్దీ సంచిలా మారి పాడ్‌ను లోపలికి చుట్టేసుకుంటాయి. దుప్పటి కవర్ల బటన్లు, జిప్పులు మూసి వేయండి. చున్నీలు, లుంగీల లాంటి పొడుగు బట్టలను ఉండచుట్టి వేయకుండా విడదీసి వేయండి.

ఇక మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఉండే సెమీ ఆటోమేటిక్ సంగతి. నిజం చెప్పాలంటే దానికి పాడ్ దండగ. అందులో ఒకే సబ్బు నీళ్లలో రెండు మూడు విడతలు ఉతుక్కుంటాం, మనకు కావాల్సినంత పౌడర్ వేసుకుంటాం. ఆ సౌకర్యం పాడ్‌తో పోతుంది. తప్పదనుకుంటే ముందు టబ్‌లో నీళ్లు నింపి, పాడ్ వేసి, పూర్తిగా కరిగేదాకా ఖాళీగా తిప్పి, ఆ తర్వాత బట్టలు వేయండి. ఈ ఒక్క మెషిన్‌లో మాత్రం ఆర్డర్ మారుతుంది.

స్మార్ట్ ఫీచర్లతో వచ్చే తిప్పలు

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. వైఫై మెషిన్లు వచ్చాక అందరికీ నచ్చిన ఫీచర్ డిలే స్టార్ట్. రాత్రి బట్టలు వేసి పెట్టి, పొద్దున లేచేసరికి ఉతకడం పూర్తయ్యేలా టైమ్ సెట్ చేస్తాం. లేదా ఆఫీస్ నుంచి బయల్దేరేటప్పుడు ఎల్‌జీ థింక్యూలోనో శాంసంగ్ స్మార్ట్‌థింగ్స్‌లోనో స్టార్ట్ నొక్కుతాం. పౌడర్ ట్రేలో ఉంటే ఇందులో ఇబ్బంది లేదు. కానీ పాడ్ డ్రమ్‌లో, బట్టల మధ్య, ఆరేడు గంటలు కూర్చుంటుంది. డ్రమ్‌లో క్రితం వాష్ తేమ ఉంటుంది. జిమ్ టీషర్ట్‌కి చెమట ఉంటుంది, టవల్ తడిగా ఉంటుంది. ఫిల్మ్ మెల్లగా మెత్తబడి గుడ్డకు అతుక్కుంటుంది. మెషిన్ స్టార్ట్ అయ్యేసరికే మరకకు పునాది పడిపోయింది. డిలే పెట్టేవాళ్లు ఆ రోజుకి పాడ్ మానేసి ట్రేలో పౌడర్ వేయడమే మంచిది. లిక్విడ్ కూడా గంటలకొద్దీ ట్రేలో ఉంటే చిక్కబడుతుంది కాబట్టి డిలేకి పౌడరే బెస్ట్.

ఇక్కడ ఇంకో చిన్న తికమక. కొన్ని మెషిన్లలో ఉండేది ‘డిలే స్టార్ట్’ కాదు, ‘డిలే ఎండ్’. మీరు సెట్ చేసేది ముగిసే టైమ్. ‘8 గంటలు’ అని పెడితే ఎనిమిది గంటల్లో మొత్తం పూర్తవుతుంది, మధ్యలో ఎంతసేపు ఖాళీగా ఉంటుందో మీరు ఎంచుకున్న ప్రోగ్రామ్ పొడవును బట్టి ఉంటుంది.

తర్వాతది క్విక్ వాష్. 15 నిమిషాల ప్రోగ్రామ్‌లో నీళ్లు నింపడం, రిన్స్, స్పిన్ పోగా అసలు ఉతికే టైమ్ కొన్ని నిమిషాలే. పైగా చాలా మెషిన్లలో ఆ ప్రోగ్రామ్‌కి నీళ్లు చల్లగానే ఉంటాయి. పాడ్‌కి కావాల్సిన నాలుగింటిలో రెండు ఇక్కడే పోయాయి. క్విక్ వాష్‌లో బట్టలూ తక్కువే వేస్తాం కాబట్టి ఒక పాడ్ డోసు కూడా ఎక్కువే అవుతుంది. నురగ పెరుగుతుంది. శాంసంగ్ మెషిన్లలో డిస్‌ప్లే మీద ‘ఎస్‌యూడీ’ అని కనిపిస్తే అర్థం అదే, నురగ ఎక్కువైందని. నురగ తగ్గేదాకా మెషిన్ ఆగుతుంది, కాబట్టి 15 నిమిషాల వాష్ అరగంట దాటినా ఆశ్చర్యం లేదు. పోనీ సగం పాడ్ కోసి వేద్దామా అంటే, ఆ పని అస్సలు చేయొద్దు. చిమ్మి కంట్లో పడుతుంది.

ప్రీవాష్ ఆప్షన్ ఆన్‌లో ఉంటే ఇంకో రకం నష్టం. పాడ్ ప్రీవాష్ నీళ్లలోనే కరిగి, ఆ నీళ్లతోపాటు డ్రెయిన్ అయిపోతుంది. మెయిన్ వాష్ అంతా ఉత్త నీళ్లతో జరుగుతుంది. మరక పడకపోవచ్చు కానీ పాడ్ డబ్బు వృథా.

ఆటో డోసింగ్ ఉన్న ప్రీమియం మెషిన్లు వాడేవాళ్లు తప్పక చూడాల్సింది: ట్యాంక్‌లో లిక్విడ్ ఉండగా డ్రమ్‌లో పాడ్ వేస్తే రెండు డోసులు పడతాయి. పాడ్ వేసే రోజు ప్యానెల్‌లోనో యాప్‌లోనో ఆటో డోస్ ఆఫ్ చేయాలి. అసలు ఆటో డోస్‌కి అంత డబ్బు పెట్టి మళ్లీ పాడ్స్ కొనడం ఎందుకో మాకైతే అర్థం కాదు.

‘ఏఐ వాష్’ లాంటి పేర్లతో వచ్చే లోడ్ సెన్సింగ్ కూడా ఇందులో పాత్రధారే. నీళ్లు వదిలేముందు డ్రమ్ కాసేపు పొడిగా అటూఇటూ తిరుగుతుంది, బరువు అంచనా వేస్తుంది, దాన్నిబట్టి నీళ్లు తీసుకుంటుంది. బట్టలు తడిగా ఉంటే ఆ పొడి తిప్పుడులోనే పాడ్ ఒక టవల్‌కి అతుక్కోవచ్చు. తడి టవళ్లు ఉన్న రోజున ఒక చిట్కా పనికొస్తుంది: ఒక మగ్గులో లీటరు వేడి నీళ్లు తీసుకుని అందులో పాడ్ వేసి, పాత గరిటెతో కలిపి పూర్తిగా కరిగాక ట్రేలోని మెయిన్ వాష్ గదిలో పోసేయండి. అమెరికా చలికాలానికీ, క్విక్ వాష్‌కీ కూడా ఇదే మందు. మగ్గు పొయ్యి దగ్గరో, పిల్లల చేతికందే చోటో పెట్టకండి. కరిగిన నీళ్లు కంట్లో పడకుండా చూసుకోండి. కొలత తప్పించుకుందామని పాడ్ కొన్నాక ఇదంతా ఎందుకంటారా? న్యాయమైన ప్రశ్నే. వారంలో నాలుగుసార్లు ఈ పని చేయాల్సి వస్తోందంటే మీకు కావాల్సింది పాడ్ కాదు, లిక్విడ్.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. బట్టలు ఇంకా తెల్లగా రావాలని అక్కడ బోరాక్స్ పొడి కలుపుతుంటారు. పిల్లలు జిగురులో బోరాక్స్ కలిపి స్లైమ్ చేస్తారు చూడండి, ఆ కెమిస్ట్రీ ఇక్కడా పనిచేస్తుంది. పీవీఏ, బోరాక్స్ కలిస్తే కరగడం పోయి జెల్ అవుతుంది. పాడ్ మీద నేరుగా బోరాక్స్ పోయడమంటే డ్రమ్‌లో స్లైమ్ చేయడమే.

తడి చెయ్యి, వానాకాలం

పాడ్‌ను తీసేది పొడి చేత్తోనే. తడి చేత్తో తీస్తే ఆ పాడ్‌తోపాటు డబ్బాలో మిగిలినవీ పాడవుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమకే పాడ్స్ ఒకదానికొకటి అతుక్కుంటాయి. బలంగా లాగితే చిరుగుతాయి. డబ్బా మూత టక్కుమని శబ్దం వచ్చేలా మూయండి, బాత్రూమ్‌లో పెట్టకండి. అందంగా ఉంటుందని గాజు సీసాలోకి మార్చడం సోషల్ మీడియా ఫొటోలకి బాగుంటుందేమో కానీ, పిల్లలున్న ఇంట్లో అది చాక్లెట్ల సీసా. కంపెనీ డబ్బాలోనే, పిల్లలకు కనపడని ఎత్తులో ఉంచండి. పొరపాటున పిల్లలు కొరికితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా నోరు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక్కడైతే 108, అమెరికాలో అయితే పాయిజన్ హెల్ప్ నంబర్ 1-800-222-1222. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కి చూపించాలి.

పట్టు చీరలు, ఉన్ని స్వెటర్లు పాడ్‌తో వేయకండి. మరకలు కరిగించడానికి పాడ్స్‌లో సాధారణంగా ప్రోటీన్‌ను ముక్కలు చేసే ఎంజైములు ఉంటాయి. పట్టు, ఉన్ని రెండూ ప్రోటీన్లే.

మరక పడిపోయింది, ఇప్పుడేం చేయాలి?

ముందు అది పాడ్ మరకేనా అని చూడండి. నీలం లేదా ఊదా రంగు మచ్చ, లేదా తడిగా ఉన్నప్పుడు జిగురుగా, ఆరాక ప్లాస్టిక్‌లా బిరుసుగా ఉండే పొర అయితే పాడ్‌దే. నల్లబట్టల మీద తెల్లటి చారలైతే ఎక్కువగా కరగని పౌడర్‌దో, బోరు నీళ్ల ఉప్పుదో అయ్యుంటుంది. తుప్పు రంగు అయితే నీళ్లలో ఇనుము. నూనె మరకలా ముదురుగా కనిపిస్తే ఫ్యాబ్రిక్ కండిషనర్.

పాడ్ మరకే అని తేలితే మొదటి రూల్ ఒక్కటే: ఆరనివ్వకండి. ఎండలో వేయొద్దు, డ్రయ్యర్‌లో వేయొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. పీవీఏకి వేడి తగిలి ఆరితే దాని అణువులు ఇంకా దగ్గరగా సర్దుకుని, తర్వాత నీళ్లలో కరగడానికి మొరాయిస్తాయి. ఇస్త్రీ పెట్టె వేడి అయితే ఆ పొరను గుడ్డలోకి అదిమేస్తుంది.

తడిగా ఉండగానే మరక ఉన్న చోటును తిరగేసి, వెనకవైపు నుంచి గోరువెచ్చటి నీళ్లు ధారగా పోయండి. ముందు నుంచి పోస్తే రంగు ఇంకా లోపలికి దిగుతుంది. జిగురు పొర ఉంటే గోటితో గీకకుండా, వేళ్లతో నెమ్మదిగా నలుపుతూ వదలగొట్టండి. తర్వాత ఆ ఒక్క బట్టనే, లేబుల్ అనుమతించినంత వేడి నీళ్లలో, సబ్బేమీ వేయకుండా మళ్లీ మెషిన్‌లో తిప్పండి. ఎక్స్‌ట్రా రిన్స్ ఆన్ చేయండి. సబ్బు ఎందుకు వద్దంటే, గుడ్డలో ఉన్నదే ఒక లోడ్‌కి సరిపడా సబ్బు. చాలా మరకలు ఈ ఒక్క రౌండ్‌లోనే పోతాయి.

ఆరిపోయాక చూసుకున్నారా? అప్పుడు ఓపిక కావాలి. 40 డిగ్రీల నీళ్లలో గంట నానబెట్టి, నీళ్లు చల్లారితే మార్చి, మళ్లీ నానబెట్టాలి. బిరుసు పొర మళ్లీ జిగురుగా మారిందంటే పని జరుగుతున్నట్టే. కాటన్ తెల్లబట్టలు అయితే ఆక్సిజన్ బ్లీచ్, అంటే వానిష్ లాంటివి, ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో వేసి నానబెట్టొచ్చు. రంగు బట్టలకైతే ముందు లోపలి కుట్టు దగ్గర టెస్ట్ చేయండి. శానిటైజర్, స్పిరిట్ రాయమనే చిట్కా కూడా తిరుగుతుంటుంది. స్పిరిట్ కొన్ని రంగుల మీద పనిచేయొచ్చు కానీ పీవీఏ పొర స్పిరిట్‌లో కరగదు, దానికి నీళ్లే కావాలి. వెనిగర్, క్లోరిన్ బ్లీచ్ రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ వాడకండి, విషపు క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

నోట్లు చెక్ చేసే యూవీ టార్చ్ ఇంట్లో ఉంటే చీకట్లో ఆ షర్ట్ మీద వేసి చూడండి. డిటర్జెంట్లలోని ఆప్టికల్ బ్రైటెనర్ వల్ల తెల్ల షర్ట్ మొత్తం నీలంగా మెరుస్తుంది, అది మామూలే. ఒక్కచోట మాత్రం మచ్చలా ఎక్కువగా మెరుస్తుంటే అక్కడ ఇంకా డిటర్జెంట్ మిగిలి ఉందని అర్థం. ఇంకో రిన్స్ వేయండి. టార్చ్ కళ్లలోకి కొట్టకండి.

బట్ట బాగయ్యాక మెషిన్ సంగతి మర్చిపోతారు చాలామంది. ఫ్రంట్ లోడ్ అయితే డోర్ చుట్టూ ఉన్న రబ్బరు రింగ్‌ని వేళ్లతో విప్పి లోపలి మడత చూడండి. సగం కరిగిన ఫిల్మ్ ముక్క అక్కడ దాక్కుని తర్వాతి లోడ్‌కి అంటుకుంటుంది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డతో తుడిచి, ఖాళీ డ్రమ్‌ని 60 డిగ్రీల మీద ఒకసారి తిప్పండి. అమెరికాలో కామన్ లాండ్రీ రూమ్ వాడేవాళ్లు బట్టలు వేసేముందే ఆ రబ్బరు మడతలో చెయ్యి పెట్టి చూడటం మంచిది, ముందు వాడినవాళ్ల పాడ్ అక్కడ ఉండిపోయి ఉండొచ్చు.